పాట వినబడింది, పాడిన గొంతు వినబడలేదు



ఈ శీర్షికలో మేము సాధారణముగా బిడ్డల చదువులు, అప్పులు, అత్తాకోడళ్ళ సంగతులు వ్రాయుచుంటాము. ఈ మాసము కరెంటును గురించి వ్రాయవలసి వచ్చింది. పాస్టరుగారికి కరెంటుతో ఏమి పని అని కొందరు అనుకొనవచ్చును. మేమును అట్లే అనుకొన్నాము. వేదాంత పాఠశాలలో మాకు గ్రీకు అక్షరములు నేర్పిరి గాని ప్లగ్గునకు మూడు కాళ్ళు ఎందుకుండునో ఎవరును చెప్పలేదు. అయితే నేడు మన పల్లె మందిరములలో కూడ ల్యాప్‌టాప్ ఒకటి వచ్చి కూర్చున్నది. 2020లో కరోనా వలన మందిరముల తలుపులు మూతపడినప్పుడు, ఫోనులోను కంప్యూటరులోను ఆరాధన జరిగించుట అందరికి అలవాటైనది. తలుపులు తెరచిన తరువాత ఆ పెట్టెను బయట వేయలేదు. పాటల సాహిత్యము గోడమీద చూపుటకు, ట్రాకులు వేయుటకు దానిని ఉంచుకొన్నాము. దానితోపాటు దాని జబ్బులను కూడ ఉంచుకొన్నాము.

మాది నెల్లూరు జిల్లాలో మైపాడు రేవునకు ఉత్తరముగా నుండు ఒడ్డు ప్రాంతము. మందిరము గుమ్మములో నిలువబడితే కొబ్బరిచెట్ల సందున రొయ్యల గుంటలు, వాటి వెనుక ఇసుక దిబ్బలు, ఆవల సముద్రము. ఈ గాలి ఎట్టిదో ఒడ్డున కాపురముండు వారికే తెలియును. కిటికీ చువ్వలు రెండు వానలకే పొరలు పొరలుగా ఊడును. తలుపు గొళ్ళెము ఏటేటా మార్చవలెను. ఇనుమునకే ఈ గతియైనచో, లోపల వెంట్రుకవంటి తీగెలుండు ల్యాప్‌టాప్ మాటేమి?

మా ల్యాప్‌టాప్ ఒక సహోదరుడు పట్టణములో కొన్ని సంవత్సరములు వాడి ఇచ్చినది. ఒక క్రిస్మస్ ముందటి శనివారము సాయంకాలము స్త్రీల సమాజమువారు పాట సాధన చేయుటకు వచ్చినారు. మీట నొక్కితిమి. తెరమీద పాట నడచుచున్నది, శబ్దము మాత్రము లేదు. శబ్దపు గీత నిండుగా పెంచితిమి. లేదు. ఒక పెద్ద "అయ్యగారూ, సాతాను పని" అన్నాడు. మరొకరు దాని వీపున రెండు దెబ్బలు కొట్టి చూచినారు. ఇంటర్మీడియెట్ చదువుచున్న మా సంఘపు అమ్మాయి ఒకతె వెనుక నుండి వచ్చి, "అయ్యగారూ, ఇదేందో చూడండి, చెవిలో పెట్టుకునే దాని బొమ్మ వస్తా ఉంది. ఏమీ పెట్టలేదు గదా మనం?" అన్నది.

సంగతి అక్కడున్నది. ల్యాప్‌టాప్ ప్రక్కన 3.5 మి.మీ. పిన్ను గుచ్చు చిన్న రంధ్రమున్నది గదా, అనేక ల్యాప్‌టాప్‌లలో దాని లోపల సన్నని స్ప్రింగు మీట యొకటి ఉండును. పిన్ను లోపలికి పోయినప్పుడు ఆ మీట ప్రక్కకు జరిగి, "ఎవరో చెవిలో పెట్టుకొన్నారు, పైకి శబ్దము వద్దు" అని యంత్రమునకు చెప్పును. మా ఒడ్డు గాలికి ఆ మీట చిలుము పట్టి, జరిగిన చోటనే అంటుకొనిపోయినది. పిన్ను తీసివేసినను యంత్రము ఇంకను ఉన్నదనియే అనుకొనుచున్నది. ఆ అమ్మాయి పిన్నును పది పన్నెండు సార్లు లోపలికి బయటికి ఆడించెను. హఠాత్తుగా పాట మొదలాయెను. స్త్రీలందరు చప్పట్లు కొట్టినారు. సాతానును గురించి చెప్పిన పెద్ద మెల్లగా టీ త్రాగుటకు వెళ్ళెను.

తరువాత దానిని సరిగా శుభ్రము చేయించితిమి. ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, చార్జరు తీసివేసి, సన్నని పుల్లకు కొంచెము దూది చుట్టి, మందుల షాపులో దొరకు స్పిరిట్టులో తడిపి, బాగుగా పిండి, ఆ రంధ్రములో మెల్లగా త్రిప్పవలెను. దూది లోపల ఊడిపోకూడదు. ఒక అరగంట ఆరిన తరువాతనే మరల వేయవలెను. నీళ్ళు, కొబ్బరినూనె పనికిరావు. కొబ్బరినూనె వేసిన సంఘమొకటి మేమెరుగుదుము. పేరు చెప్పము.

శబ్దము రాని ప్రతిసారి యంత్రము చెడిపోయినదని బజారుకు ఎత్తుకొనిపోవద్దు. చెవిలో పెట్టుకొను తీగె గుచ్చి వినండి. అందులో వినబడి పైకి వినబడకపోతే లోపలి చిన్న స్పీకర్లయినా, ఆ మీటయినా చెడినట్లు. రెండింటిలోను వినబడకపోతే ముందు ఆపి మరల వెలిగించండి. గోడమీద బొమ్మ చూపు ప్రొజెక్టరుకో టీవీకో హెచ్.డి.ఎమ్.ఐ. తీగె తగిలించి యుంటే, శబ్దము కూడ ఆ తీగె వెంట అటు పోయి యుండవచ్చును. అప్పుడు తెర మూలనున్న స్పీకరు గుర్తునొద్ద శబ్దము ఎటు పోవలెనో ఎంచుకొనవలెను. ఇది మీ ఇంటి బిడ్డలకు తెలియును, అడుగుటకు సిగ్గుపడకండి. మేము సిగ్గుపడి రెండు ఆదివారములు పాడుచేసికొన్నాము.

ఇక రెండవ జబ్బు. ఇది విన్న వారు ఇప్పటికిని నవ్వుదురు. ల్యాప్‌టాప్ నుండి మిక్సరుకు పోవు తీగె తెగిపోయినదని క్రొత్తది చేయించితిమి. మైకుసెట్టు పని చేయు అబ్బాయి ఒకడు, మంచివాడే, సోల్డరింగు చేసి ఇచ్చినాడు. ఆదివారము పాట వేసితిమి. తబలా వచ్చినది, ఫ్లూటు వచ్చినది, కోరస్ దూరమునుండి గాలిలో తేలుచున్నట్లు వచ్చినది. పాడినాయన గొంతు మాత్రము లేదు! మరియొక పాట వేసినను అంతే. పల్లవి దగ్గర వాయిద్యములు ఎవరికొరకో కాచుకొని యున్నట్లు వాయించుచున్నవి, మనిషి రాడు. ల్యాప్‌టాప్‌లోనే నేరుగా విన్నచో గొంతు చక్కగా ఉన్నది. బాక్సులలో లేదు.

దీని మర్మము తెలిసికొనుటకు మాకు మూడు వారములు పట్టినది. ల్యాప్‌టాప్ పిన్నులో మూడు భాగములున్నవి: ఎడమ చెవిది, కుడి చెవిది, రెండింటికి ఉమ్మడిది. మిక్సరునకు మైకు తగిలించు లావుపాటి ప్లగ్గులోను మూడే ఉన్నవి. మూడునకు మూడు సరిపోయినవి గదా అని ఆ అబ్బాయి కలిపివేసినాడు. అయితే మైకు దారిలో ఆ మిక్సరు చేయు పని వేరు. అది ఒక తీగెలోనిదానిని రెండవ తీగెలోనిదాని నుండి తీసివేసి, మిగిలినదానిని మాత్రమే బాక్సులకు పంపును. దూరమునుండి వచ్చు మైకు తీగెలో దారిలో చేరిన మోత రెండు తీగెలలోను సమానముగా ఉండును గనుక, అట్లు తీసివేయగా మోత పోవును. మంచి ఏర్పాటే. కాని పాటల రికార్డింగులో గాయకుని గొంతును నడుమ నిలుపుటకు ఎడమ కుడి రెండింటిలోను సమానముగా పెట్టుదురు. ఐదులో నుండి ఐదు తీసివేస్తే ఏమి మిగులును? వాయిద్యములు కొన్ని ఎడమవైపు, కొన్ని కుడివైపు ఎక్కువ తక్కువలుగా ఉండును గనుక అవి మిగిలినవి. మిక్సరు మా గాయకుని మోత అనుకొని తీసివేసినది.

ఎడమ ఒక దారికి, కుడి ఒక దారికి వేరు వేరుగా పోవునట్లు తీగె మార్చితిమి. గొంతు తిరిగి వచ్చినది. మీ మిక్సరులో ఎరుపు తెలుపు గుండ్రని రంధ్రములు జతగా ఉంటే అవి ఇందుకొరకే, వాటిలో పెట్టండి. ఇంకొక మాట. తీగె మంచిదైనను పిన్ను సగమే లోపలికి పోయి, ఉమ్మడి భాగము అంటకపోయినను ఇదే వింత జరుగును. గొంతు మాయమైతే ముందు పిన్నును గట్టిగా నొక్కి చూడండి. ఈ రెండు వాక్యములు మాకు ఎవరైన ముందే చెప్పియుంటే మూడు వారములు మిగిలియుండును.

ఇప్పుడు వ్రాయబోవునది నవ్వుటకు కాదు.

తీగె మార్చిన తరువాత బాక్సులలో ఎడతెగని మోత ఒకటి పట్టుకొన్నది. గుయ్‌మని, తేనెపట్టు కదిపినట్లు. వాక్యము చెప్పుచుండగా మధ్యలో ఒక క్షణము ఆగితే ఆ మోతయే ప్రసంగము చేయుచున్నట్లుండెను. ల్యాప్‌టాప్ చార్జరు పీకితే మోత ఆగును. పెట్టితే వచ్చును. మా ల్యాప్‌టాప్ బ్యాటరీ పావుగంట కంటె నిలువదు గనుక చార్జరు లేక ఆరాధన సాగదు.

ఈ మోత ఎక్కడిదో అర్థము కావలెనంటే మైకేల్ ఫారడే అను నాయనను తలచుకొనవలెను. ఈయన లండనులో కమ్మరి కుమారుడు. బడిచదువు అంతంతమాత్రము. పుస్తకములకు అట్టలు వేయు దుకాణములో పనికి చేరి, అట్ట వేయవలసిన పుస్తకములనే చదివి శాస్త్రజ్ఞుడైనాడు. సాండెమేనియన్లు అను ఒక చిన్న క్రైస్తవ సంఘమునకు చెందినవాడు, 1840లో ఆ సంఘమునకు పెద్దగా నియమింపబడినాడు. 1831లో ఆయన కనుగొన్నది ఏమనగా, తీగె చుట్టవలె మూసికొని యుండి, దాని గుండా పోవు అయస్కాంత బలము మారుచుండిన యెడల, ఆ తీగెలో తనంతట కరెంటు పుట్టును. మన ట్రాన్స్‌ఫార్మర్లు, జనరేటర్లు అన్నియు ఈ ఒక్క సంగతి మీదనే నడచుచున్నవి. మన బాక్సులలోని మోత కూడ దాని బంధువే.

మా మందిరములో యాంప్లిఫయరు మందిరపు బోర్డునుండి నడచును. ల్యాప్‌టాప్ చార్జరు మాత్రము మా ఇంటినుండి లాగిన ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టుదుము, ఏలయనగా ఇన్వర్టరు మా ఇంటిలో ఉన్నది. మందిరమునకు ఒక ఎర్తు, మా ఇంటికి ఒక ఎర్తు. ఇప్పుడు చూడండి. ఇంటి ఎర్తు నుండి చార్జరు మూడవ కాలి గుండా ల్యాప్‌టాప్‌లోనికి, అక్కడనుండి పాట తీగె ఉమ్మడి భాగము గుండా యాంప్లిఫయరులోనికి, అక్కడనుండి మందిరపు ఎర్తులోనికి, మట్టి గుండా మరల ఇంటి ఎర్తునకు. ఒక పెద్ద చుట్ట అయినది. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటు ఇటు ఊగును. రెండు ఎర్తుల మధ్య కొంచెము తేడా ఉన్నను ఆ ఊపు ఈ చుట్టలో తిరిగి, పాటతోపాటు బాక్సులలోనికి పోయి మోతగా వినబడును.

ఇవన్నియు మాకు అప్పుడు తెలియవు. ఊరిలో మైకులు పెట్టు ఒకరిని అడిగితిమి. "దానికేముంది సామీ, ఆంప్లిఫయర్ ప్లగ్గుకి ఆ లావు కాలు పీకేస్తే సరి. మేమందరం అట్టనే చేస్తాం" అన్నాడు. కాలు పీకినాడు. మోత ఠక్కున ఆగినది. మందిరమంత నిశ్శబ్దము. ఆ ఆదివారము మేము ప్రార్థనలో ఈ సంగతికై స్తోత్రము కూడ చెల్లించితిమి. పాఠకులు గమనించగలరు, ఆయన చేసినాడే గాని చేయుమని చెప్పినది మేమే. నేరము ఆయన మీద వేయము.

ఒక నెల గడచినది. ఒక ఆదివారము ఉదయము పిల్లల బడి. అప్పుడే సిమెంటు నేల తడిగుడ్డతో తుడిచినారు. ల్యాప్‌టాప్ ఆ వేళ లేదు, యాంప్లిఫయరు, మైకు మాత్రమే. తొమ్మిదేండ్ల బిడ్డ, కంఠత వాక్యము చెప్పుటకు ముందుకు వచ్చినది. మందిరములో చెప్పులు వేసికొనము గదా, వట్టి కాళ్ళు. ఇనుప మైకును రెండు చేతులతో పట్టుకొన్నది. నోరు తెరచినది, మాట రాలేదు. బిడ్డ భయపడినదని అనుకొని టీచరమ్మ "చెప్పు తల్లీ, చెప్పు" అనుచున్నది. మేము వెనుకనుండి చూచుచున్నాము. బిడ్డ మైకును వదలుట లేదు. చేతులు బిగుసుకొని, తల వెనుకకు పోవుచున్నది.

చేపల మార్కెట్టులో కూలికి పోవు ఆమె నాయనమ్మ అందరికంటె ముందు గ్రహించినది. "కరెంటూ! కరెంటు రా!" అని కేక వేసినది. బిడ్డను పట్టుకొనబోయిన టీచరమ్మను జబ్బ పట్టి వెనుకకు లాగినది. మెయిన్ స్విచ్చు ఎక్కడున్నదో మాకు తెలియును, తలుపు వెనుక. దానిముందు క్రిస్మస్ నక్షత్రపు వెదుళ్ళు, పాత కుర్చీలు పేర్చియున్నవి. ఒక యౌవనస్థుడు వాటి మీదనుండి ఎక్కి స్విచ్చు దించినాడు. ఎన్ని సెకన్లయినవో చెప్పలేము. బిడ్డ కూలబడినది. ఊపిరి ఉన్నది. ఆటోలో నెల్లూరుకు తీసికొని పోయితిమి. గుండె పరీక్ష చేసి, ఒక రాత్రి ఉంచి పంపినారు. అరచేతిలో రూపాయి బిళ్ళంత కాలిన మచ్చ మిగిలినది.

ఆసుపత్రి వరండాలో ఆ నాయనమ్మ మాతో అన్న మాట ఒకటే. "మోత పోయిందని సంతోషపడితిమి గదయ్యా." కోపముతో అనలేదు. అందుకే మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

జరిగినది ఇది. యాంప్లిఫయరు లోపలి ట్రాన్స్‌ఫార్మరు చుట్టకు తేమ, ఉప్పు పట్టి, కరెంటు కొంత బయటి ఇనుప పెట్టెకు దిగుచున్నది. మైకు తీగె పై అల్లిక ఆ పెట్టెకే అతుకబడి యుండును గనుక మైకు ఇనుమునకును ఆ కరెంటే వచ్చును. ప్లగ్గు లావు కాలు ఉండి, ఎర్తు మంచిదైతే ఆ కరెంటు మట్టిలోనికి పోవును, ఎక్కువైతే ఫ్యూజు కొట్టివేయును. ఆ కాలు మేము పీకించితిమి. ల్యాప్‌టాప్ తగిలించి యున్న దినములలో ఆ కరెంటు సన్నని పాట తీగె గుండా ల్యాప్‌టాప్‌లోనికి పోయి, చార్జరు ఎర్తు గుండా దిగుచుండెను. ఆ నెలలోనే ల్యాప్‌టాప్ శబ్దపు రంధ్రము పూర్తిగా చచ్చినది, ఎందుకో అప్పుడు తెలియలేదు. ఆ ఆదివారము ల్యాప్‌టాప్ లేదు. దారి బిడ్డ ఒక్కతే.

మన ఇండ్లలోని కరెంటు 230 వోల్టులు. తడిసిన మనిషి దేహము దానికి పెద్ద అడ్డు కాదు. 30 మిల్లీ ఆంపియర్లు, అనగా చిన్న బల్బు త్రాగుదాని కంటె తక్కువ, గుండె మీదుగా కొంచెముసేపు పోయినను ప్రాణాపాయమే. పైగా కండరములు బిగుసుకొని, పట్టుకొన్నది వదలనీయదు. బిడ్డ మూగదానివలె నిలువబడినది అందుకే. ట్రాన్స్‌ఫార్మరు పూర్తిగా కాక కొంచెముగానే కారుచుండెను గనుక బిడ్డ దక్కినది. దేవుని కృప అని మేము నమ్ముచున్నాము, అయితే ఆ కృపను మరల పరీక్షించము.

తరువాత నెల్లూరునుండి తెలిసిన వైరింగు మేస్త్రీని పిలిపించితిమి. ఆయన మొదట మందిరము వెనుక ఎర్తు గుంట త్రవ్వించినాడు. పాతిన ఇనుప గొట్టము చేతితో పట్టుకొంటే బిస్కెట్టువలె విరిగినది. తీగె ఒక పోగు మీద వ్రేలాడుచున్నది. "అయ్యగారూ, మీకు మోత ఎందుకొచ్చిందో తెలిసిందా? ఇంటి ఎర్తు బాగుంది, దీనికి ప్రాణం లేదు. రెంటికీ తేడా. అది మోత కాదు, చెప్తా ఉండింది మీకు" అన్నాడు. అనగా మేము ఆపినది జబ్బును కాదు, జబ్బును చెప్పు నోటిని.

క్రొత్త ఎర్తుకు జింకు పూత గొట్టము నిలువుగా పాతి, చుట్టు బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి, పైన నీళ్ళు పోయుటకు గరాటు పెట్టి, సిమెంటు తొట్టె కట్టినారు. మా వైపు నీరు పైపైననే ఉండును గనుక ఎర్తు సులువుగా కుదురును. అంతే త్వరగా తుప్పును పట్టును. కనుక ఏటా ఒకసారి మూత తీసి బిగింపులు చూడవలెనని, ఎండాకాలములో నీళ్ళు పోయవలెనని చెప్పినాడు. మందిరపు మెయిన్ బోర్డులో ఆర్.సి.సి.బి. అను మీట పెట్టించినాడు. 30 మిల్లీ ఆంపియర్లది. పోయిన కరెంటు తిరిగి రాక మధ్యలో ఎక్కడైన కారిన యెడల అది కనురెప్ప పాటులో పడిపోవును. మన పల్లె మందిరములలో నూటికి ఎన్నింటిలో ఇది ఉన్నదో గాని, మేము చూచిన వాటిలో తక్కువ. గోపురమునకు రంగు వేయుటకు చందా ఎత్తుదుము, దీనికి ఎత్తము. ఈ మాట కొందరికి కష్టముగా ఉండవచ్చును. దానిమీద పరీక్ష బొత్తాము ఒకటుండును. నెలకొకసారి నొక్కండి, మీట పడవలెను. పడకపోతే మార్చండి.

మిగిలిన మోతకు మందు సులువైనది. ల్యాప్‌టాప్, మిక్సరు, యాంప్లిఫయరు మూడును ఒకే బోర్డులో పెట్టితిమి. రెండు ఎర్తులు ఒకటైనవి. ఇన్వర్టరు తీగెను ఆ బోర్డునకే తెప్పించితిమి. ముప్పాతిక మోత పోయినది. మిగిలినదానికి పాట తీగె మధ్యలో చిన్న పెట్టె పెట్టినారు. లోపల బొటనవ్రేలంత ట్రాన్స్‌ఫార్మర్లు రెండు, ఎడమకొకటి కుడికొకటి. పాట అయస్కాంత బలముగా మారి దాటును, తీగె మాత్రము తెగియుండును గనుక చుట్ట ఏర్పడదు. ఫారడే కనుగొన్నదే. ఈ పెట్టె మైకుసెట్టు సామానులు అమ్ము దుకాణములలో దొరుకును. లావు కాలు పీకుటకు బదులు ఇది కొనండి.

ఇంతలో ఒక సందేహము రావచ్చును. రెండు కాళ్ళ చార్జరుతో నడచు ల్యాప్‌టాప్ ఇనుప పైభాగమును తాకితే చీమలు ప్రాకినట్లు సన్నని జివ్వు తగులును, అది కూడ ప్రమాదమా? చార్జరు లోపల మోత అణచుటకు పెట్టిన చిన్న కెపాసిటరు గుండా కొంచెము కరెంటు పైకి వచ్చును. మంచి చార్జరులో అది బహు స్వల్పము, హాని చేయదు. అయితే జివ్వు కాక చురుక్కుమని లాగినట్లుంటే, లేక పేరులేని చౌక చార్జరు కొన్న తరువాత మొదలైతే, ఆ చార్జరును ఆ పూటే ప్రక్కన పెట్టండి. మైకు విషయములో జివ్వుమన్నను ఉపేక్షింపకండి. మా పాటల బృందములో ఇద్దరు ఆ నెలలో "మైకు జివ్వంటా ఉంది" అని అనుకొన్నారట. మాకు చెప్పలేదు. చెప్పినను మేము వినియుందుమో లేదో.

మా ప్రాంతపు కరెంటును గురించి నాలుగు మాటలు. రొయ్యల గుంటలలో గాలి చక్రములు రాత్రి ఒక్కసారి తిరుగుట మొదలైతే లైట్లు కుంగును. దానికి ల్యాప్‌టాప్ చార్జరు భయపడదు. దానిమీద 100 నుండి 240 వోల్టులని వ్రాసియుండును, తక్కువకు అది ఓర్చుకొనును. భయమంతా ఎక్కువతోనే. గాలివానలో స్తంభము మీద న్యూట్రల్ తీగె తెగితే రెండు ఫేజుల మధ్య మన ఇండ్లు చిక్కుకొనును. ఫేజుకు ఫేజుకు మధ్య 400 వోల్టులు దాటియుండును గనుక, ఒక ఇంటిలో లైటు మసకబారగా ప్రక్క ఇంటిలో పగటివలె వెలుగును. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మా ఒడ్డు వెంబడి పోయి 5వ తేదీన బాపట్ల దగ్గర తీరము దాటినది. ఆ గాలివానలో మా వీధిలో ఇదే జరిగి చార్జర్లు, టీవీలు కాలినవి. బల్బు హఠాత్తుగా తెల్లగా మండుట చూస్తే ఆలోచింపక మెయిన్ దించండి. ఉరుములప్పుడు కూడ స్విచ్చు ఆపుట చాలదు, ప్లగ్గు పీకి, ప్రొజెక్టరు తీగెను కూడ పీకవలెను. అయితే పిడుగు దగ్గరకు వచ్చిన తరువాత పీకుటకు పోవద్దు, మబ్బు కమ్మినప్పుడే చేయండి.

ల్యాప్‌టాప్ అడుగు ఉబ్బినా, వ్రేలితో రుద్దు పలక పైకి లేచినా అది బ్యాటరీ ఉబ్బుట. నొక్కవద్దు, గుచ్చవద్దు, చార్జింగు పెట్టవద్దు. బాగుచేయు వారియొద్దకు తీసికొని పోండి. సముద్రపు వైపు కిటికీ దగ్గర ల్యాప్‌టాప్ ఉంచవద్దు. ఆరాధన అయిన తరువాత గుడ్డతో తుడిచి మూత గట్టిగా పట్టు డబ్బాలో పెట్టండి. యాంప్లిఫయరులో బల్లులు దూరును, మాది విప్పినప్పుడు ఒకటి కాదు, మూడు ఎండిపోయి దొరికినవి.

ఒకవేళ మీ యెదుట ఎవరినైన కరెంటు పట్టుకొంటే ముట్టుకొనవద్దు. ముందు స్విచ్చు. స్విచ్చు అందకపోతే ఎండిన కట్టెతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో తీగెను తప్పించండి. ఊపిరి లేకపోతే 108కి ఫోను చేయించుచు, రొమ్ము నడుమ రెండు చేతులతో నిమిషమునకు 100 నుండి 120 సార్లు గట్టిగా నొక్కుచుండండి, అంబులెన్సు వచ్చువరకు ఆపవద్దు. మెయిన్ స్విచ్చు ముందు ఏమియు పేర్చవద్దు. మా మందిరములో ఆ తలుపు వెనుక ఇప్పుడు చీపురు కూడ ఉండదు.

ఆ బిడ్డ ఇప్పుడు పెద్ద తరగతికి వచ్చినది. కంఠత వాక్యము చెప్పుటకు వచ్చుచున్నది. మైకు పట్టుకొనునప్పుడు మాత్రము చెప్పులు వేసికొని వచ్చును, చేతిరుమాలు చుట్టి పట్టుకొనును. మందిరములో చెప్పులేమిటని పెద్దలలో ఎవరును ఆమెను అడుగలేదు.